ఎర్రరాయిలో నిప్పు

మమత తను బొమ్మలు గీసిన కాగితాలను హాలు నేల మీద పరిచి, గాలికి లేవకుండా అంచుల మీద టైల్స్ ముక్కలు పెట్టింది. జహీరాబాద్‌లోని తన షెడ్డులో ఆమె ఇన్నాళ్ళూ చెక్కినవి సమాధుల మీది పేర్లు. ఇంట్లో రాతి పని ఆమెను ఎవరైనా అడగడం ఇదే మొదటిసారి. ఇది దొరికితే ఆ పేర్లు చెక్కడం మానేయొచ్చు.

ఇంకా కడుతున్న ఆ ఇల్లు రేవణసిద్ధప్పది. అల్లం, చెరకు పండిస్తాడు. ఊటీ హోటల్లో చలి కాచుకోవడానికి గోడలో కట్టిన పొయ్యి, ఫైర్‌ప్లేస్, చూసి వచ్చి, తన హాల్లోనూ ఉండాలన్నాడు. పొగగొట్టం అక్కర్లేదు, మంట అక్కర్లేదు, చూడడానికే.

మూడో కాగితం దగ్గర ఆయన కూర్చుండిపోయాడు. అటూ ఇటూ స్తంభాలుగా చెరకు గడలు, పైన అల్లం కొమ్ముల వరస, నడుమ పొయ్యి నోరు. నోటిని మమత బొగ్గుతో నల్లగా నింపింది.

ఆయన భార్య గిరిజమ్మ నిలబడే చూసింది. చెరకు గణుపులు బాగా వేశావంది. తర్వాత ఆమె వేలు నలుపు మీదికి పోయింది.

"హాల్ల పొయ్యి పెట్టి ముట్టియ్యకపోతే ఎట్ల బిడ్డా? వచ్చినోళ్ళు ఈళ్ళింట్ల వంట లేదనుకుంటరు."

ఊటీలోనూ మంట లేదని రేవణసిద్ధప్ప చెప్పి చూశాడు. అది హోటలని, వెనక వంటింట్లో పదిమంది వండుతుంటారని ఆమె జవాబు. మేస్త్రి అన్నం తినొచ్చేలోగా ఏదీ తేలకపోతే పొయ్యి కోసం వదిలిన గోడకు ప్లాస్టరు వేయించి, అద్దాల షోకేసు తెప్పిస్తానంది.

మమత కాగితాలు పట్టుకుని బయటికి వచ్చింది. మెట్ల మీద కూర్చుని మంట గీసింది. తమలపాకులా వచ్చింది. మళ్ళీ గీసింది. మళ్ళీ తమలపాకే. లేచి, ఇంకో కాగితాన్ని ప్రహరీ గోడకు ఆనించింది. బీదర్ వైపు నుంచి తెచ్చిన ఎర్రరాయి గోడ, రాయి నిండా చిల్లులు. విసుగుతో బొగ్గును అడ్డంగా పెట్టి రుద్దింది. రాయి తగిలిన చోటల్లా కాగితం నల్లబడింది. చిల్లులున్న చోట తెల్లగా మిగిలింది. నలుపులో నిప్పురవ్వలు.

చెయ్యి ఆగింది. తర్వాత ఆగలేదు. చిల్లులు ఎక్కువున్న రాయి కోసం గోడ పొడవునా జరుగుతూ రుద్దింది. గోడ అడుగున పల్చటి రాతి పెచ్చొకటి పడి ఉంది. ఎత్తి ఎండకు అడ్డం పెట్టింది. చిల్లుల్లోంచి వెలుగు వచ్చి ఆమె ముఖం మీద పడింది. కాగితమూ పెచ్చూ పట్టుకుని, చెప్పులు అక్కడే వదిలి లోపలికి పరుగెత్తింది.

"జర చూడున్రి పెద్దమ్మా."

గోడ మీద రుద్దిన కాగితాన్ని పొయ్యి నోరంత చించి, మూడో బొమ్మలో నలుపు మీద పెట్టింది. ఎర్రరాయిని పలకలుగా కోయిస్తానని, పొయ్యి నోట్లో నిలబెడతానని, వెనక బల్బులు పెడతానని ఊపిరి తీసుకోకుండా చెప్పింది. రేవణసిద్ధప్ప కిటికీ మూసి, పెచ్చు వెనక సెల్‌ఫోన్ లైటు వేశాడు. ఫోను దగ్గరికి తెస్తే నిప్పులు రాజుకున్నాయి. దూరం జరిపితే సన్నగిల్లాయి.

"అరె, మన గోడ రాయేనా ఇది," అన్నాడు.

గిరిజమ్మ పెచ్చునూ ఫోనునూ ఆయన చేతుల్లోంచి లాక్కుంది. తనే జరిపి చూసింది, ఒకసారి కాదు. మేస్త్రి వచ్చి, తాపీ పట్టుకుని, గోడ ఏం చెయ్యమంటారని అడిగాడు. ఆగమన్నట్టు ఆమె తల ఊపింది, చూపు మాత్రం రాయి మీదే ఉంది.

"స్విచ్ నా చేతికందేటట్టు పెట్టు బిడ్డా," అంది మమతతో. "పొద్దుగూకంగనే నేనే ముట్టిస్త."