మాటకు బలం

"ఒక్క ఆదివారం తిండి పెట్టకపోతే ఆ కణాలేమైనా చచ్చిపోతాయా?" అన్నారు మావారు, పేపర్లోంచి తలెత్తకుండా.

"చచ్చిపోతాయి," అన్నాను గిన్నెలు తోముతూ.

"ఇంట్లో మనుషులకి లేని సేవలు వాటికి!" అని అత్తగారు నిట్టూర్చారు. మనుషులకి అప్పటికే టిఫిన్ పెట్టి, మధ్యాహ్నానికి వండి మూతలు పెట్టాను. అదేదీ సేవ కిందకి రాదు మా ఇంట్లో. ఒళ్లు మండినా చెప్పులు వేసుకుని బయటపడ్డాను.

నేను ల్యాబ్‌లో చిన్న చిన్న పళ్లేల్లో నాడీకణాలు పెంచుతాను. వాటికి గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ కావాలి. అది అందకపోతే కణం కొమ్మలు వెయ్యదు, బతకదు. పెంచి పోషించడమే దాని పని, అంతకు మించి ఏముంటుందిలే అన్నట్టుండేవారు మా ల్యాబ్ వాళ్లంతా. ఆ చిన్నచూపు నాకెందుకో మింగుడు పడలేదు. కొన్ని నెలల కిందట ఒక ఆదివారం, ఒక కణాన్ని చిన్న కరెంటుతో కదిలించి, దాని కబురు పక్క కణానికి ఎంత గట్టిగా చేరుతోందో కొలిచాను. తర్వాత ఒక్క చుక్క గ్రోత్ ఫ్యాక్టర్ వేశాను. కొత్త కొమ్మ పుట్టేంత వ్యవధి కూడా లేదు, నిమిషాల్లో తెర మీద ఆ కొలత చూపించే గీత పైకి లేచింది. అదే కణం, అదే పొరుగు, కబురు మాత్రం ముందుకంటే గట్టిగా అందుతోంది. పోషించే ఆ ప్రోటీనే మాటకు బలం కూడా ఇస్తోంది! ల్యాబ్‌లో ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి సరిపోయింది, నా నవ్వు వింటే పిచ్చిదాన్ననుకునేవారు.

ఈ ఆదివారం మాత్రం డైరెక్టరుగారూ, నా తర్వాత చేరిన సహోద్యోగీ నా బల్ల దగ్గర కాచుకుని ఉన్నారు. నేను కనిపెట్టి డైరెక్టరుగారికి చెప్పిన ఈ సంగతిని వచ్చే నెల సదస్సులో అతను చెప్పబోతున్నాడని అప్పుడే తెలిసింది నాకు. చిక్కేమిటంటే, అతను చేస్తే గీత లేవడం లేదు.

"మీ హస్తవాసి మంచిదమ్మా, ఒక్కసారి చేసి చూపించండి," అన్నారు డైరెక్టరుగారు. "మీవారితో మాట్లాడాను. మీకు ప్రయాణాలు కుదరవన్నారు."

హస్తవాసి! వంట కుదిరితే చేతి మహిమ, ప్రయోగం కుదిరితే హస్తవాసి. నాకో బుర్ర ఉందని ఒక్కరికీ తట్టదు. పైగా నా ప్రయాణం సంగతి నాకు తెలియకుండా ఇద్దరూ మాట్లాడేసుకున్నారు. పొద్దున ఎదురుగా కూర్చున్న మనిషి ఒక్క ముక్క చెప్పలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. ఇప్పుడు ఏడిస్తే నాకు కుదరదన్న మావారి మాటే నిజం చేసినదాన్నవుతానని దిగమింగాను.

సహోద్యోగి ఎలా చేస్తున్నాడో అడిగాను. కరిగించిన ప్రోటీన్‌ని మళ్లీ గడ్డకట్టించి, మళ్లీ కరిగించి వాడుతున్నాడు. అలా చేస్తే దాని సత్తువ పోతుంది. నేను కొత్త సీసా తీసి చుక్క వేశాను. గీత లేచింది.

"శభాష్! ఇదంతా అతనికి నేర్పించండి," అన్నారు డైరెక్టరుగారు.

"నేర్పిస్తాను సార్. సదస్సులో మాట్లాడేది మాత్రం నేనే. చేసింది నేను."

సహోద్యోగి తల దించుకున్నాడు. డైరెక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అది సరేనమ్మా, కానీ మీవారు..."

"కుదరదని ఆయన చెప్పింది మీతోనే కదా సార్. కుదిరిందని కూడా మీరే చెప్పండి," అని, మావారి నంబరు నొక్కి ఫోన్ డైరెక్టరుగారి చేతిలో పెట్టాను.