ఇంటాయన నంబరు

రొయ్యల గుంట బురద మొగుడి చొక్కాకు పడితే ఒక ఉతుకుకు పోదు. రెజీనా ముందురోజే నానబెట్టి, పొద్దున్నే బండ మీద వేసి రుద్ది, ఆరేసి, అన్నం వార్చి, అత్తకు మాత్ర చేతికిచ్చి, అప్పుడు తల దువ్వుకుంటుంది. ఆ కాసేపట్లోనే అత్త ఎలిశబెతు రోజూ ఏదో ఒకటి అంటుంది.

"ఫ్యాను కింద కూర్చోని వచ్చేదానికి ఎంత హడావుడి చేస్తాదో."

రెజీనా జవాబు చెప్పదు. చెబితే బస్సు పోతుంది.

ఆమె అల్లూరులో మహిళా పొదుపు పరపతి సంఘంలో గుమాస్తా. అంతకుముందు నుంచే అందులో సభ్యురాలు కూడా. సభ్యులంతా ఆడవాళ్లే. నెలనెలా కొంత దాచుకుంటారు, అవసరానికి అందులోంచే అప్పు తీసుకుంటారు. ఇన్నాళ్లూ అప్పు ఎవరికివ్వాలో వాళ్లే కూర్చుని, ఆమె కడుతుంది, ఈమెకు ఇప్పుడు కష్టం అని తేల్చుకునేవాళ్లు. ఈ ఏడు నెల్లూరు ఆఫీసు ఆ పని కంప్యూటరుకు అప్పగించింది. అది అందరి పాత లెక్కలూ ఒకచోట పోసుకుని, ఎవరు ఏ నెలలో తప్పారు, రొయ్య ధర పడినప్పుడు ఎవరు ఆగారు, వేట నిలిచిన నెలల్లో ఎవరు ఎట్లా కట్టారు, అన్నీ చూసి, రేపు ఎవరు సక్రమంగా తీరుస్తారో ముందే చెబుతుంది. నమ్మదగ్గ పేరు పక్కన పచ్చరంగు వెలుగుతుంది. 'మీరు రుణానికి అర్హులు' అని ఆమె ఫోనుకు సందేశం దానంతటదే వెళ్తుంది.

సందేశాలు వెళ్లిన వారంలోనే సంఘానికి మగవాళ్లు రావడం మొదలుపెట్టారు. "మా దానికి పచ్చ వచ్చినాది, డబ్బులెప్పుడిస్తారు?" అని ఫోను చూపించేవాళ్లు. చేరేటప్పుడు నంబరు అడిగితే ఆడవాళ్లు చాలామంది ఇంటాయన నంబరే ఇచ్చి ఉన్నారు. అప్పు పుచ్చుకోవడానికి కావలసింది ఆ ఫోనుకు వచ్చే ఓటీపీ ఒక్కటే. అది ఆయనే చదివి చెప్పేవాడు. మహిళల రుణాలు బాగా పెరిగాయని నెల్లూరులో కేకు కోసి, ఆ ఫొటో అన్ని శాఖలకూ పంపారు.

కంప్యూటరు తప్పులో పడింది సముద్రం ఒడ్డున జాలర్ల పాళెం దగ్గర. అక్కడి ఆడవాళ్లంతా సోడాల అంగడి పెంచలయ్య నంబరు ఇచ్చారు. వాళ్లు చేరిన రోజుల్లో ఆ వీధిలో ఫోను ఉన్నది ఆయనకే. అన్ని పేర్లకూ ఒకే నంబరు చూసి కంప్యూటరు వాళ్లందరినీ కలిపి ఒకే మనిషిగా కట్టేసింది.

నెల్లూరు ఆఫీసరు ఫోన్ చేశాడు. "ఎవరమ్మా ఈ పెంచలయ్య? ఇన్ని ఆడపేర్లు పెట్టుకోని పొదుపు చేస్తా ఉండాడు?"

"సోడాలమ్ముతాడు సార్."

"మోసమని చూపిస్తా ఉంది ఈడ. నువ్వు పోయి ఎవరి నంబరు వాళ్లది ఎక్కించుకోని రా."

రెజీనా ట్యాబు సంచిలో వేసుకుని పాళెం పోయింది. సభ్యుల్లో ఒకామె, పేరమ్మ, ఇసుకలో వల పరిచి చేపలు ఎండబెడుతోంది.

"నా నంబరా? మా పెద్దోడి నాయనది రాసుకో."

"ఆయనది కాదు పెద్దమ్మా, నీది."

"ఆయనదైతే ఏం, నాదైతే ఏం. ఒక కొంపే గదా."

పక్కనున్నామె నవ్వింది. "ఇయ్యి అక్కా, నీకెవరన్నా తీపి మాటలు పంపిస్తారేమో."

"పంపినా నేను చదవబోయేదీ లేదు, పో మే." పేరమ్మ చేతులు తుడుచుకుని లోపలికి పోయి, బియ్యం డబ్బాలోంచి చిన్న ఫోను తెచ్చింది. "కూతురు కొనిచ్చినాది. నంబరు మాత్రం తెలవదు. నాకు నేను ఎప్పుడన్నా ఫోన్ చేసుకున్నానా?"

రెజీనా తన ఫోనుకు మిస్డ్ కాల్ ఇప్పించుకుని, వచ్చిన నంబరు ఒక్కొక్క అంకే చదివి వినిపించింది.

"అంత పొడుగుందా నాది?" అంది పేరమ్మ. "మరి సంఘంలో నువ్విచ్చింది నీదేనా పాపా?"

తిరుగు బస్సులో రెజీనా ట్యాబు తెరిచి తన పేరు వెతికింది. పచ్చగా ఉంది. ఎదురుగా ఉన్న నంబరు తన భర్త సుశీల్ కుమార్‌ది.

ఇంటికి పోయేసరికి సుశీల్ వాళ్లమ్మ పక్కన కూర్చుని హుషారుగా ఉన్నాడు.

"ఏమే, నీకు పచ్చ వచ్చినాది, మెసేజి ఇయ్యాలే చూసినా. చెప్పలేదేంది? చెంగయ్యన్న పక్క గుంట లీజుకిస్తానన్నాడు. మాటిచ్చేసినా."

"పోయిన పంటకు తెల్లమచ్చ తెగులు వచ్చి రొయ్యంతా పోయింది గదా."

"ప్రతిసారీ వస్తాదా? నీ నోట మంచి మాటే రాదు."

"ఆ అప్పు నువ్వు తీర్చకపోతే నా పొదుపులో పట్టుకుంటారు."

"నీ పొదుపేంది, నా పొదుపేంది," అన్నాడు అతను, నిజంగానే అర్థం కానట్టు. అత్త అందుకుంది. "దేవుడు దారి చూపిస్తే దానికి అడ్డం పడతావేంది?"

గిన్నెలు తోముతూ రెజీనా ఆ పచ్చరంగు గురించే ఆలోచించింది. కంప్యూటరుకు ఆమె బాగా నచ్చింది. ఒక్క నెలా తప్పలేదు, ఒక్కసారీ అప్పు అడగలేదు. దానికి తెలిసింది అంతే. ఎందుకు అడగలేదో దానికి తెలియదు. అడిగితే దేనికో ఇంట్లో చెప్పాలి, చెప్పాక అది వాళ్ల అవసరమైపోతుంది. జీతం మొత్తం సుశీల్ చేతిలో పెడుతుంది. బస్సుకని అతనిచ్చిన దాంట్లో, సాయంత్రం నడిచి వచ్చి మిగుల్చుకున్నది పొదుపులో వేస్తుంది. వానలోనూ నడుస్తుంది. ఆ నడక కంప్యూటరులో క్రమశిక్షణ అని పడింది. ఆ డబ్బుతో ఏం చేయాలో ఆమె ఎన్నడూ అనుకోలేదు. కుట్టు మిషను అనో, చదువు అనో దానికి పేరు పెడితే ఇంకెవరికో అంతకన్నా పెద్ద అవసరం పుడుతుంది. ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడగనిది ఆ డబ్బొక్కటే. పరపతి అంటే నమ్మకమని సంఘం గోడ మీద రాసి ఉంటుంది. ఇన్నేళ్లకు ఆమెను నమ్మింది ఒక యంత్రం. ఆ సంగతి అది ఆమె మొగుడికి చెప్పింది.

మరునాడు ఆఫీసు తెరవగానే రెజీనా, పాళెంలో అందరికీ చేసినట్టే, తన పేరు తెరిచి, ఫొటో తీసుకుని, నంబరు తన సొంతదానికి మార్చింది. కష్టమేమీ కాలేదు.

మధ్యాహ్నం సుశీల్ వచ్చాడు. చెంగయ్య బయట బండి మీదే ఉన్నాడు. సుశీల్ బల్ల ముందు కుర్చీ లాక్కుని, తన ఫోనులో వచ్చిన సందేశం తెరిచి, అక్కడా ఇక్కడా నొక్కి, కాసేపు చూశాడు.

"ఓటీపీ రాలేదే. ఈడ సిగ్నల్ ఉండదా?"

వాకిట్లోకి పోయి ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. మళ్లీ లోపలికి వచ్చాడు. బల్ల మీద రెజీనా ఫోను కదిలి ఆగింది. ఇద్దరూ దాని వైపే చూశారు.

"నీకొచ్చినాదా? నీకెట్లొచ్చినాది?"

"నా పేరు మీద గదా."

"సరే, చెప్పు." అతను అంకెలు కొట్టడానికి వేలు సిద్ధంగా పెట్టుకున్నాడు.

రెజీనా ఫోను చేతిలోకి తీసుకుని, సందేశం మొదటినుంచి చివరిదాకా నెమ్మదిగా చదివింది.

"ఎవరికీ చెప్పవద్దని రాసి ఉంది," అంది.