మూడువేళ్ళదాని అడుగు

నేను ఒక గాజుపలకని. పులి అడుగు మీద పెట్టి గీత గీసుకోడానికి చేసిన పలకని. మూరెడు పొడవుంటాను. చుట్టూ టేకు చట్రం, నాలుగు మూలలా బొటనవేలంత కాళ్ళు. కాళ్ళెందుకంటే, నేను మట్టికి తగలకూడదు. తగిలితే అడుగు చెదిరిపోతుంది.

మార్కాపురంలో పటాలు కట్టే సుబ్బాచారి దగ్గర పుట్టాను. ఆయన ఒక పెద్ద గాజు తెచ్చి కోశాడు. ఒక ముక్క వెంకటేశ్వరస్వామి పటానికి పోయింది, ఇంకో ముక్క నేను. అది దేవుడి పాదాల మీద కూర్చుంది, నేను పులి పాదాల మీద. దానికి రోజూ అగరొత్తుల పొగ, నాకు దుమ్ము. నేనేమీ బాధపడలా.

అప్పట్లో నల్లమలలో పులుల్ని అడుగులు చూసే లెక్కపెట్టేవాళ్ళు. మనిషికి వేలిముద్ర ఎట్లాగో పులికి అడుగు అట్లాగని వాళ్ళ నమ్మకం. గార్డుకొక పలక ఇచ్చారు. నేను మొదట రంగనాయకులు అనే గార్డు చేతిలో పడ్డాను. ఆయన నన్ను అడవికి తీసుకపోనేలేదు. బల్ల మీద పరిచి, నా కింద పెళ్ళాంబిడ్డల ఫోటోలు దోపి, పైన టీ గ్లాసు పెట్టుకునేవాడు. నాలుగేళ్ళు టీ మరకలు మోశాను. బదిలీ అయినప్పుడు ఫోటోలు తీసుకోని నన్ను వదిలేసి పోయాడు.

ఆ తర్వాత వచ్చినవాడు దూదేకుల కాశింపీరా. జీడివాగు చుట్టూ ఉన్న అడవి ముక్కకి, అంటే ఆ బీటుకి, గార్డు. పద్దెనిమిదేళ్ళు ఆయన గోనెసంచిలో తిరిగాను.

గార్డు పనంటే అందరూ తుపాకీ, జీపు అనుకుంటారు. ఆయనకి ఉన్నది కర్ర, ఈల, నేను. పనంటే నడక. నిప్పు రాకుండా దారెంబడి ఎండాకు ఊడవడం, పందులకి పెట్టిన ఉచ్చులు వెతికి పీకడం, జంతువుల కోసం కట్టిన సిమెంటు తొట్టిలో పాచి కడగడం. నెలలో ఇరవై రోజులు రేకుల షెడ్డులోనే పడక. అడుగు కనపడితే సంచి దించి, నన్ను దాని మీద నిలబెట్టి, మోకాళ్ళ మీద వంగి, కుడికన్ను మూసి నిట్టనిలువునా చూస్తూ స్కెచ్ పెన్నుతో గీసేవాడు. నా మీద గీత కాగితం మీదికెక్కించి, తేదీ వేసి, ఒక నకలు ట్రంకుపెట్టెలో ఉంచుకోని, పై ఆఫీసుకి పంపేవాడు. ఒంటికన్ను మూయడం ఎంత అలవాటైందంటే, "నా మొగుడు అన్నం వంక చూసినా ఒక కన్నే తెరుస్తాడు" అని ఆయన భార్య షేకున్‌బీ నవ్వేది.

ఆయనకి ముందు ఈదమ్మ నడిచేది. చెంచుగూడెం మనిషి, వాచరు. ఆయనకన్నా పదేళ్ళు పెద్దది. నేనంటే ఆమెకి గిట్టదు.

"సాయిబూ, ఆ గాజు మోసకచ్చి ఏం జేస్తావ్? నన్నడుగు. ఈ పులి పొద్దున ఏం తిన్నదో కూడా చెప్తా."

"నువ్వు చెప్తే కాగితం మీద పడదు కదక్కా."

"కాగితం ఎప్పుడన్నా పులిని జూసిందా?"

కాశింపీరా నవ్వేవాడు, అంతే.

ఆ బీటులో ఉన్నది ఒకే ఒక్క పులి. ఆడది. వెనక ఎడమకాలికి నాలుగు వేళ్ళలో ఒకటి లేదు. కూనగా ఉన్నప్పుడే ఏ ఉచ్చులోనో పోయుంటుంది. మూడువేళ్ళది అని పేరుపెట్టారు. ఆయన దాన్ని పద్దెనిమిదేళ్ళ నౌకరీలో చూసింది రెండుసార్లు. దాని అడుగు మాత్రం నా మీద ఎన్ని వందలసార్లు గీశాడో నాకే తెలీదు.

ఒక సంవత్సరం ఎండలు ముందే ముదిరాయి. వాగు ఎండింది. తొట్టికి ట్యాంకరు నీళ్ళే దిక్కు. దానికి ఒక పద్ధతి పెట్టారు. పులి తిరిగే బీట్లకే ట్యాంకరు. పులి అడుగు ముప్పై రోజులు పైకి రాకపోతే ట్యాంకరు ఆగుతుంది. అన్ని బీట్ల గార్డులూ కలిసి వచ్చి ఆ అడవి గాలిస్తారు. పులి దొరికితే నీళ్ళు, దొరక్కపోతే లేదు.

చైత్రంలో ఈదమ్మ గూడెంవాళ్ళతో తేనెకి పోయింది. ఆమె పోయిన వారం నుంచే మూడువేళ్ళదాని అడుగు కనపడడం ఆగింది. కాశింపీరా ఒక్కడే తిరిగాడు. తొట్టి దగ్గర లేదు, ఇసుకలో లేదు, బండ్లదారిలో లేదు. కొండ దాటి నీళ్ళున్న దిక్కు పోయుంటుంది, వాన పడితే అదే వస్తుంది అనుకున్నాడు. పైకి అనేశాడు కూడా, ఎవరూ లేకపోయినా.

ఇరవైతొమ్మిదో రోజుకి తొట్టిలో జానెడు నీళ్ళున్నాయి. దుప్పులు మనిషిని చూసినా పరిగెత్తడం లేదు. పక్క బీటులో ముందటేడు ట్యాంకరు ఆగినప్పుడు ఆయనే పోయి దుప్పుల కళేబరాలు కాల్చి వచ్చాడు. ఆ వాసన వారం రోజులు నా చట్రానికి కూడా పట్టుకునుంది.

ముప్పయ్యో రోజు మధ్యాన్నం షెడ్డులో కూర్చోని ట్రంకుపెట్టె తెరిచాడు. పాత కాగితం ఒకటి తీశాడు. కార్తీకంలో వాన పడ్డప్పుడు గీసిన మూడువేళ్ళదాని అడుగు. దాన్ని నేల మీద పరిచి నన్ను దాని మీద నిలబెట్టాడు. కాగితం నుంచి కాగితానికి తిన్నగా గీసుకోవచ్చు, నేను అక్కర్లేదు. కానీ ఆయన దొంగపని కూడా పద్ధతి ప్రకారమే చేశాడు. మోకాళ్ళ మీద వంగాడు. కుడికన్ను మూశాడు. నా కింద మట్టి లేకుండా గీసింది అదే మొదటిసారి. కొత్త కాగితం మీద ఆ రోజు తేదీ వేశాడు.

మూడోరోజు ట్యాంకరొచ్చింది. దుప్పులు తాగాయి, కణుజులు తాగాయి, నెమళ్ళు తాగాయి. ఆయన చెట్టుకి ఆనుకోని చూస్తూ నిలబడ్డాడు. తప్పు చేసిన మొహం కాదది. బిడ్డకి జ్వరం దిగిన మొహం. మొదటిది గీసిన రెండువారాలకి మళ్ళీ ఒకటి గీశాడు. ఈసారి చెయ్యి తిరిగింది.

వైశాఖం నడుమ ఈదమ్మ వచ్చింది. తేనెటీగలు కుట్టి ఒక రెప్ప ఇంకా వాచే ఉంది.

"ఏం సాయిబూ, నేను లేకుండా దారి తప్పలేదా? మూడువేళ్ళది ఎట్టుంది?"

"తిరగతా ఉందక్కా."

"ఏదీ, చూపీ."

ఆయన రెండో కాగితం నకలు ఇచ్చాడు. ఆమెకి చదువు రాదు. కాగితం తిప్పి తిప్పి చూసింది.

"ఇది ఎప్పుడు గీసినావ్?"

"మొన్న."

"మొన్న వాన పడిందా?" అంది. "వేళ్ళు ఇంత ఎడంగా పడ్డయంటే బురదలో తొక్కింది. ఎండాకాలం దుమ్ములో అడుగు ఇట్టుంటదా? నాకు చెప్తావా ఇది?"

ఆయన చెప్పాడు. రెండు మాటల్లో అయిపోయింది. ఈదమ్మ తిట్టలేదు. కొంగు నడుముకి చుట్టి లేచింది.

"ఎన్నాళ్ళాయె అడుగు పడక?"

"నలభై ఎనిమిది రోజులు."

"నడువ్."

మూడు రోజులు వెతికారు. మూడోరోజు గబ్బిలాల లోయలో దొరికింది. షెడ్డుకి కోసున్నర దూరం కూడా లేదు. బండ కింద నీటి ఊట, ఊట పక్కన మూడువేళ్ళది. ముందుకాలికి పందుల ఉచ్చు, బ్రేకు వైరు. ఉచ్చు కట్టిన గుంజ పెరుక్కోని లాక్కుంటూ ఊట దాకా వచ్చింది. వైరు కొస చెట్టు వేళ్ళలో చిక్కుకుంది. రెండు బారల మేర నేలంతా తిరిగి తిరిగి చదునైపోయింది. అందుకే బయట ఎక్కడా అడుగు పడలేదు.

ఈదమ్మ దాని పెంటని పుల్లతో విప్పి చూసింది. ఎండ్రకాయల చిప్పలు, ఉడుము తోలు.

"అందినవి తిని బతికింది. చచ్చి నాలుగు దినాలైంది. ఐదు కూడా కాలా," అంది.

"నేను నిజం చెప్పి గార్డుల్ని పిలిచుంటే..." అన్నాడు కాశింపీరా.

"పిలిచుంటే దొరికేది."

ఓదార్చే మాట ఆమె దగ్గర ఉంటే చెప్పి ఉండేదే.

ఆయన ఊట దగ్గర తడిమట్టిలో ఒక అడుగు చూశాడు. నన్ను దాని మీద నిలబెట్టాడు. ఈసారి రెండు కళ్ళూ తెరిచే గీశాడు. గీత వంకరపోయింది. కాగితం మీదికెక్కించి తేదీ వేశాడు. నా మీది గీత తుడవలేదు.

మర్నాడు రేంజరు భుజంగరావు ముందు నిలబడి, "ఆ రెండూ నేనే గీశా సార్, అవి అబద్ధం" అన్నాడు.

రేంజరు తలుపు దగ్గరికేశాడు. చెడ్డమనిషి కాదు. "ఆ కాగితాల మీద నా సంతకం ఉంది, నా పైనోళ్ళ సంతకం ఉంది. లెక్కలోకి కూడా ఎక్కింది. ఇప్పుడు అబద్ధమంటే ఎవరెవరికి తగులుతుందో తెలుసా?"

"నాకు తగలనీండి సార్."

"నీకొక్కడికే తగలదయ్యా, అదే కదా! ఆరు నెలల్లో రిటైరవుతావ్. పోయి పని చూస్కో."

రేంజరు ఊట దగ్గర గీసిన కాగితం తీసుకోని నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు.

శిక్ష పడుంటే కాశింపీరాకి కొంచెం తేలిగ్గా ఉండేదేమో. పడలేదు. బీటులో పులి లేదు గనక ఆ వారమే ట్యాంకరు ఆగింది. ఆయన సైకిలు మీద బిందెలు కట్టుకోని మోశాడు. బిందె నీళ్ళు తొట్టి అడుగున తడి కూడా కాలేదు. జ్యేష్ఠం చివర వాన పడేలోగా మళ్ళీ కళేబరాలు కాల్చాడు, ఈసారి తన బీటులోనే. రిటైరైన రోజు దండ వేస్తే తల వంచాడు. ఈదమ్మ ఆ సభకి రాలేదు. ఆయన ఆ తర్వాత అడవి దిక్కు రాలేదని విన్నాను.

తర్వాత చెట్లకి కెమెరాలు కట్టారు. పలకలన్నీ పోగేసి స్టోరులో వేశారు. చాలావరకు పగిలాయి. నన్ను మాత్రం చెక్‌పోస్టు పక్కన, పర్యాటకులు చూసే గదిలో పెట్టాలని తీశారు. ఒకామె తడి పేపరుతో శుభ్రంగా తుడిచింది. ఊట దగ్గరి గీత ఒక పట్టాన పోలేదు. గోటితో గీకింది. పోయింది.

నా కింద పెట్టడానికి ఒక అడుగు కాగితం కావాల్సొచ్చింది. కట్టలన్నీ విప్పి నీటుగా ఉన్నది ఏరారు. కాశింపీరా రెండోసారి షెడ్డులో కూర్చోని గీసింది. "జీడివాగు ఆడపులి, ఆఖరి అడుగు" అని పక్కన అచ్చువేసి పెట్టారు. తేదీ కూడా ఉంది. ఆ తేదీన అది లోయలో బతికే ఉంది.

పిల్లల్ని ఎత్తుకోని వంగి చూస్తారు. నాలోంచి ఆ అడుగు చాలా స్పష్టంగా కనపడుతుంది.