పిల్లి డాక్టరుకి పడిన ముద్ర

కాలేజీ లైబ్రేరియన్‌కి ప్రిన్సిపాల్ కొత్త పని అంటగట్టాడు. కంటబడ్డ ప్రతి మాటనీ నమ్మేసే పిల్లలకి, చెప్పేవాడెవడో చూసి నమ్మమని నేర్పాలట. అదీ నవ్విస్తూ నేర్పాలట. నవ్వించడం ఆమె ఉద్యోగంలో ఎప్పుడూ లేదు. అయినా కంప్యూటర్ ముందు కూర్చుని, బొమ్మలు గీసిపెట్టే ఏఐని ఒక దొంగ డాక్టరు పిల్లిని గియ్యమంది.

మొదటి పిల్లికి కాళ్లు ఎక్కువయ్యాయి. రెండోది స్టెతస్కోపు నములుతోంది. దొంగ అన్నందుకు ఇంకోదానికి ముసుగు తొడిగింది. తల ప్రాణం తోకకొచ్చాక వచ్చిన పిల్లి మాత్రం తెల్లకోటులో, కళ్లజోడు సర్దుకుంటూ ఎంత పెద్దమనిషిలా ఉందంటే, తన మోకాలి నొప్పి సంగతి దాన్నే అడుగుదామా అనిపించింది లైబ్రేరియన్‌కి. నవ్వు రావాల్సిన చోట గౌరవం పుట్టుకొస్తోందేమిటా అని తికమకపడుతూనే, బొమ్మ కింద పెద్ద అక్షరాలతో రాసింది: "బీపీ మాత్రలు మానెయ్యండి. నాలా ఎండలో కునుకు తియ్యండి." దాని కింద చిన్న అక్షరాలతో: "చెప్పిందెవరో చూశారా?"

ఆ లైబ్రరీలో ఏ కాగితం బయటికి వెళ్లాలన్నా "పరిశీలించడమైనది" అన్న గుండ్రటి ముద్ర పడాల్సిందే. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి దానంతటదే ముద్ర కొట్టేసింది. గోడకి అంటించి, ఫోటో తీసి, మనవాళ్లూ నవ్వుకుంటారని ఇంటివాళ్ల గ్రూపులో పెట్టింది.

సెలవు రోజున పిన్నిని చూడ్డానికి వెళ్లింది. తల్లి పోయాక ఆమెని పెంచింది ఈ పిన్నే. వరండాలో ఎండలో కుర్చీ వేసుకుని కునుకు తీస్తోంది. ఈమెని చూసి లేవబోయి, తూలి గోడ పట్టుకుంది.

"ఏమైంది పిన్నీ? బీపీ మాత్ర వేసుకున్నావా?"

"మానేశాగా. పంపింది నువ్వే కదే!"

"పిన్నీ, అది పిల్లి!"

"పిల్లి అని నాకు తెలీదా? నాకేం కళ్లు లేవా? చెప్పిందెవరో చూడమన్నావు, చూశాను. మీ లైబ్రరీ ముద్ర ఉంది. పంపింది చదువుకున్న పిల్ల. ఇంకేం చూడాలి?"

పిన్ని తప్పెక్కడ చేసిందో ఎంత వెతికినా లైబ్రేరియన్‌కి దొరకలేదు. అంతా తను పిల్లలకి చెప్పేదే. "అది వేళాకోళం పిన్నీ. ఇప్పుడు నిజంగా చెప్తున్నా, మాత్ర వేసుకో."

"అప్పుడూ నువ్వే చెప్పావు, ఇప్పుడూ నువ్వే చెప్తున్నావు. ఏది నమ్మమంటావే?"

డాక్టరుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. వెంటనే మాత్ర వేసి ఆస్పత్రికి తీసుకురమ్మని ఆయన కేకలేశాడు. పిన్ని ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "మరి ఈయన్ని ఎవరైనా పరిశీలించారా?" అని నెమ్మదిగా అడిగింది.

పిన్నికి ఏమైనా అయితే అది తన చేతుల మీదుగా అయినట్టే. లైబ్రేరియన్ భయంతో వెక్కి వెక్కి ఏడ్చేసింది.

పిన్ని కంగారుపడిపోయింది. "అయ్యో, ఏడవకే తల్లీ. వేసుకుంటాలే, ఇటివ్వు." మాత్ర గుటుక్కున మింగి, అరచేత్తో ఆమె కళ్లు తుడిచింది.

ఆస్పత్రికి వెళ్తుంటే పిన్ని ఆమె భుజం మీద వాలింది. మాత్ర లోపలికి పోయినందుకు లైబ్రేరియన్‌కి ప్రాణం లేచొచ్చింది. అయినా బెంగ తీరలేదు. రేపు ఇంకెవరైనా వచ్చి ఎదురుగా కూర్చుని ఇలాగే ఏడిస్తే, పిన్ని వాళ్లు ఇచ్చింది కూడా మింగేస్తుంది. ఆమె పిన్ని చేతిని గట్టిగా పట్టుకుంది.