హైడ్రేంజియాకు అభిషేకం

న్యూజిలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్‌లో ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు శ్రీనివాసమూర్తి అన్నీ చూసుకున్నాడు, ఒక్కటి తప్ప. ఇంటిచుట్టూ సిమెంటే. రోజూ శివుడికి అభిషేకం చేసిన నీళ్ళు సింకులో పోయకూడదు, కాళ్ళు పడని చోట చెట్టు మొదట్లో పోయాలి. ఆ చెట్టేదీ? పాపం, ఆఫీసులో ఎంతటి చిక్కునైనా విప్పే మనిషి, వారంరోజుల నీళ్ళూ పాల క్యాన్లలో పట్టి, ఆదివారం కారేసుకుని నది ఒడ్డుకు వెళ్ళి, దొంగలా అటూ ఇటూ చూసి ఒంపి వచ్చేవాడు.

అందుకే పక్కింటి హెదర్ తుంటి ఆపరేషన్‌కని బ్రిస్బేన్‌లో కూతురి దగ్గరికి వెళ్తూ, తన హైడ్రేంజియా పూలమొక్క కుండీని ఆయన భార్య కుసుమకు అప్పగిస్తే, ఆయన మొహం చేటంత అయింది.

"మా ఆయన కెన్ పోయేముందు తన చేత్తో నాటిన ఆఖరి మొక్క. జాగ్రత్త, కుసుమా," అంది హెదర్. ఈ దేశం వచ్చిన కొత్తలో పక్కన కూర్చుని కుసుమకు డ్రైవింగ్ నేర్పిన మనిషి ఆమె. కుసుమ కుండీని చంటిపిల్లలా అందుకుంది.

మర్నాటినుంచి ఆ చంటిపిల్లకు రోజూ చెంబెడు అభిషేక జలం. కుసుమే పోసేది, కళ్ళకద్దుకుని మరీ.

కొన్నాళ్ళకు ఆకులు వాలిపోయాయి. అక్కడ వేసవి కదా, జనవరి ఎండలనుకున్నారు. భార్య దిగులు చూడలేక మూర్తి రెండు చెంబుల అభిషేకం చేశాడు. ఆకులు పసుపు తిరిగాయి. పాలు, పెరుగు, తేనె కూడా మొదలుపెట్టాడు. బుట్టల్లాంటి గులాబీరంగు పూలు మాడిపోయి, కుండీ చుట్టూ ఈగలు ముసిరాయి.

"నమ్మకంతో చెయ్యాలోయ్," అని ఆయన సోమవారం పెద్ద ఎత్తున రుద్రాభిషేకం పెట్టాడు.

కుసుమకు అన్నం సయించకుండా పోయింది. హెదర్ ఫోన్ చేసి మొక్క ఎలా ఉందని అడిగితే బాగుందని అబద్ధమాడి, ఫోన్ పెట్టేశాక ఏడ్చింది.

అప్పుడు అనకాపల్లిలో రాఘవయ్యగారు పోయారు.

ఆయన మూర్తికి వరసకు పెదనాన్న. మూర్తి బుద్ధెరిగి ఆయన్ని చూసింది లేదు. అయినా మైల మైలే, పదిరోజులూ పూజ బంద్. అభిషేకం లేదు, చెంబూ లేదు. మధ్యలో ఒక చిన్న వాన పడిందంతే.

మైల తీరేనాటికి ఆకులు నిలబడ్డాయి. మొదట్లో పచ్చటి చిగురు తొంగిచూసింది. కుసుమ మట్టిలో వేలు గుచ్చి వాసన చూసింది. ఇంకా పెరుగు కంపు కొడుతోంది. ఇన్నాళ్ళూ దాన్ని చంపుతున్నది తన చెయ్యేనని అర్థమైంది. మూర్తివైపు ఇంకెవరైనా పెద్దవాళ్ళు పోతే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించి, గబగబా లెంపలేసుకుంది.

ఆ వారమే హెదర్ చేతికర్ర పట్టుకుని వచ్చింది. చిగురు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"అంతా శివుడి దయ. రోజూ ఆయన నీళ్ళే పోశాం," అన్నాడు మూర్తి, వెలిగిపోతూ.

"అయితే ఇక్కడే ఉండనీ. దీన్ని ఇంత ప్రేమగా నేను చూసుకోలేను," అంది హెదర్.

నిజం కుసుమ నాలుక చివరిదాకా వచ్చింది. మూర్తి మొహం చూసి మింగేసింది.

మర్నాటినుంచి చెంబు తీసుకుని కుండీ దాకా వెళ్ళి, మూర్తి లోపలికి పోగానే వెనకవైపు లాండ్రీ గదికి నడిచేది. తొట్టిలో ఒంపుతూ, "తప్పు కాయి తండ్రీ," అని దణ్ణం పెట్టుకునేది. ఎలాగూ ఈ నీళ్ళు ఎప్పటికో నదిలోకే చేరతాయిలే అని సర్దిచెప్పుకునేది. మొక్కకు మాత్రం మట్టి ఎండినప్పుడే కాసిని కుళాయి నీళ్ళు పోసేది.

మళ్ళీ డిసెంబరులో హైడ్రేంజియా కుండీ కనపడకుండా పూసింది. హెదర్ పూలు నిమురుతుంటే కుసుమకు ప్రాణం లేచొచ్చింది.

"చూశావుటోయ్ మహిమ!" అన్నాడు మూర్తి. "రేపటినుంచి బిందెడు చేస్తాను."

"అలాగేనండీ," అంది కుసుమ. లోపలికి వెళ్ళి లాండ్రీ తొట్టిలో నానేసిన బట్టలు తీసి, శుభ్రంగా కడిగి పెట్టుకుంది.