తెల్లకాయల దండ

మా తమ్ముడు వెండెల్ ఊపిరితిత్తుల నిండా ఇసుక దుమ్మే. ఇనుము పోతపోసే కార్ఖానాలో ఇసుకతో అచ్చులు కట్టడం వాడి పని. ఏళ్ల తరబడి పీల్చిన ఆ దుమ్ము లోపలే కాపురం పెట్టేసింది. మెట్లెక్కితే ఆయాసం, నవ్వితే దగ్గు. ఇంకోసారి నిమోనియా వస్తే తట్టుకోలేడని డాక్టరు వాడి మొహం మీదే చెప్పాడు. అందుకని ఆ చలికాలం మా ఇంట్లో అందరికీ ఒకటే పని, వెండెల్ ఊపిరిని కాపాడుకోవడం.

అందరమూ అంటే ఇద్దరమే. వాడి కూతురు అడెల్, నేనూ. వాడి భార్య చనిపోయిన ఏడాదే నా సామాను సర్దుకుని మిషిగన్‌లోని ఆ ఇంటికి వచ్చేశాను. అడెల్ పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. శుభ్రమంటే పడిచస్తుంది. మంచి పిల్ల, కానీ ఒకటి పట్టుకుందంటే వదలదు.

నవంబరులో ఆ పిల్ల ఎక్కడో చదివింది. ప్లాస్టిక్ చెట్టు మీద పేరుకున్న దుమ్ము, సీసాల్లోంచి చిమ్మే దొంగ మంచు, మెరుపుల పొడి, సెంటు కొవ్వొత్తులు, ఇవన్నీ పాడైన ఊపిరితిత్తులకు శత్రువులట. ఈసారి క్రిస్మస్‌కి ఇంట్లో అడవిలో దొరికినవి తప్ప ఇంకేమీ ఉండకూడదంది. అంతటితో ఆగితే బాగుండేది. రంగులు కూడా వద్దంది. తెలుపు, గోధుమరంగు, చెక్కరంగు, అంతే. ఇది పండగ చేసుకునే ఇల్లా, పిండిమరా అని అడిగాను. నవ్వి ఊరుకుంది.

వెండెల్‌కి ఆ రంగులంటే ప్రాణం. ముంగిట్లో నిలబెట్టే నిలువెత్తు ప్లాస్టిక్ శాంటా వాడిదే. లోపల బల్బు వెలుగుతుంది, ఒక బుగ్గ సొట్టపోయింది. అడెల్ వాటన్నిటినీ పెట్టెల్లో సర్ది చర్చివాళ్ల పాతసామాను దుకాణానికి ఇచ్చేయడానికి కారెక్కిస్తుంటే, వాడు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని చూశాడు.

"శాంటాకి ముందు సీటిచ్చి బెల్టు కూడా పెట్టింది చూడక్కా. ఆస్పత్రికి తీసుకెళ్లినప్పుడు నన్ను వెనకాల పడేసింది," అన్నాడు.

పోనీ ఒక్క రంగుబల్బుల తీగైనా ఉంచమని చెప్పనా అని అడిగాను. వద్దన్నాడు. తన కోసమే కదా చేస్తోంది, చేయనీ అన్నాడు. వాడెప్పుడూ అంతే, కూతురి మాట దాటడు.

పైన్‌కాయలు ఏరుకొచ్చి పురుగులు చావాలని ఓవెన్‌లో వేడిచేశాం. కమలాపండ్లు చక్రాల్లా తరిగి ఎండబెట్టాం. గోనెగుడ్డ చీల్చి రిబ్బన్లు చేశాం. ఎండిన ద్రాక్షతీగ చుట్టి తలుపుకి పెద్ద దండ అల్లింది అడెల్. దాంట్లో గుచ్చడానికి కాయలు కావాలంటే, ఊరి చివర బురదమడుగు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లాం.

అక్కడ రోడ్డు పక్కనే పొదల నిండా ఎర్రటి కాయలు. మా వాళ్లందరూ క్రిస్మస్‌కి కోసుకునేవి అవే. నేను కత్తెర తీశాను. ఎరుపు వద్దు అత్తా అని అడెల్ వాటిని దాటుకుని మడుగులోకి నడిచింది. వేసవిలో అక్కడ అడుగుపెడితే మోకాలి లోతు దిగబడతాం, ఎవరూ పోరు. చలికి అంతా గడ్డకట్టి ఉంది కాబట్టి నేల మీద నడిచినట్టే నడిచిపోయింది. లోపల ఒక ఆకురాలిన చెట్టుకు తెల్లటి చిన్న చిన్న కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. మైనం పూసినట్టున్నాయి. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఇద్దరం గంపెడు కోశాం. ఆ చెట్టు పేరేమిటో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు.

ఇల్లు అందంగా కుదిరింది. ఆ మాట ఒప్పుకుని తీరాలి. గోడ పక్కన బల్ల మీద పచ్చి పైన్ కొమ్మలు, మధ్యమధ్య తెల్లకాయలు, తలుపుకి దండ. మంచు కురిసే వేళ ఆ ఇంట్లో కూర్చుంటే మనసుకి హాయిగా ఉండేది. తన పెళ్లికి కూడా ఈ ఇల్లు ఇంత శుభ్రంగా లేదని వెండెల్ అన్నాడు. నా మణికట్టు మీద మాత్రం దురదపెట్టి పొక్కులు లేచాయి. గిన్నెల సబ్బు మార్చాం కదా, దాని వల్లే అనుకున్నాను. అడెల్‌కి ఏమీ కాలేదు.

పండగరోజు వెండెల్ బల్ల దగ్గర కూర్చుని కాల్చిన పంది తొడమాంసం, బంగాళదుంపలు దగ్గకుండా తిన్నాడు. పాట కూడా అందుకున్నాడు. అడెల్ నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. తండ్రిని గెలుచుకున్న చూపు అది.

జనవరి మొదటి వారం దాటకుండా అలంకరణలు దించేయడం మా అలవాటు. ఇదివరకైతే పెట్టెల్లో పెట్టి అటకెక్కించేవాళ్లం. ఈసారి దాచాల్సిందేమీ లేదు. పెరట్లో ఇనపపీపాలో వేసి కాల్చేద్దామంది అడెల్. పొగ కదా, వాణ్ణి లోపలే ఉంచమన్నాను.

"ప్లాస్టిక్కయితే నేనే ఒప్పుకోను. ఇవి ఉత్త చెట్టుకొమ్మలు అత్తా. గాలి వచ్చే వైపున దూరంగా కూర్చోబెడతాను. పాపం, ఇల్లు కదిలి ఎన్నాళ్లయింది?" అంది.

కిటికీలోంచి వెండెల్ కూడా చిన్నపిల్లాడిలా చేతులు జోడించి చూపించాడు. నేను మెత్తబడ్డాను. అడెల్ వంటింటి కుర్చీ మోసుకెళ్లి మంచులో వేసింది. తండ్రిని నడిపించుకొచ్చి కూర్చోబెట్టి, కాళ్లు కదలకుండా దుప్పటి చుట్టి, చెవుల మీదికి టోపీ లాగింది. దండ పీపాలో పడగానే మంట పైకి లేచింది. వెండెల్ అరచేతులు చాచాడు. కార్ఖానాలో కరిగిన ఇనుము ముందు చలికాలం ఎంత సుఖంగా ఉండేదో చెప్పడం మొదలుపెట్టాడు. అంతలో గాలి తిరిగింది. తెల్లటి పొగ వాడి మీదుగా దొర్లింది. మేమిద్దరం కుర్చీ లాగేసరికి నాలుగైదు గుక్కలు పీల్చేశాడు. పీల్చి కూడా నవ్వాడు, మంచి వాసనగా ఉందన్నాడు.

మర్నాటికి పెదాలు ఉబ్బాయి, జ్వరమొచ్చింది. ఆ తర్వాత గుటక పడలేదు. ఆస్పత్రిలో గొంతులో గొట్టం వేశారు. అడెల్ వాడి మంచం పక్కనుంచి లేవలేదు. ఒకసారి మొహం కడుక్కోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఈయన గొంతు లోపలంతా పొక్కులున్నాయి, ఏం పీల్చాడని అడిగాడు. చెప్పాను. నా మణికట్టు చూశాడు. తెల్లకాయలా, వేలాడుతున్నాయా, బురదనేలలోనా అని అడిగాడు. అది విషపు సుమాక్ అనే చెట్టట. ముట్టుకుంటే కొందరికి పొక్కులు, కొందరికి ఏమీ కాదు. పొగ లోపలికి పోతే మాత్రం బాగున్న ఊపిరితిత్తులు కూడా తట్టుకోవడం కష్టమట.

కూతురికి నేను చెబుతానన్నాను. చెప్పలేదు. వారం తిరక్కుండా వెండెల్ పోయాడు. జబ్బు ముదిరిందని అందరూ అనుకున్నారు. నేనున్నంతకాలం అలాగే అనుకోనీ అనుకున్నాను.

మళ్లీ నవంబరు వచ్చింది. మా వైపు మంచు పడకముందే మనవాళ్ల సమాధుల మీద పైన్ కొమ్మలు దుప్పటిలా పరిచి, పైన ఒక దండ పెట్టి వస్తాం. అడెల్ కారు మడుగు పక్కన ఆపింది. నేనింకా దిగకముందే గంప, కత్తెర తీసుకుని ఎర్రకాయల పొదలు దాటి, అప్పటికే గడ్డకట్టిన మడుగులోకి నడిచింది.

"ఎర్రవి కోద్దామే. వాడికి ఎరుపంటే ఇష్టం," అన్నాను.

"నాన్న ఆ దండ చూసే కదా ఇల్లు బాగుందన్నాడు. అలాంటిదే చేస్తాను."

ఆమె ఆ చెట్టు కొమ్మ మీద చెయ్యి వేసింది. ఇక నావల్ల కాలేదు. చెయ్యి తియ్యమన్నాను. అక్కడే, ఆ చలిలో నిలబెట్టి డాక్టరు చెప్పిందంతా చెప్పేశాను. నా మాటలు నాకే పరాయివాళ్ల మాటల్లా వినిపించాయి. అడెల్ ఏడవలేదు. ఆ కాయల్ని చూస్తూ నిలబడింది.

"మంట దగ్గరికి వాడే వస్తానన్నాడు. ఎవరూ రమ్మనలేదు," అన్నాను.

"కుర్చీ నేనే వేశాను, అత్తా," అంది.

కత్తెర ఆమె చేతిలోంచి తీసుకుని, రోడ్డు పక్కనున్న ఎర్రకాయలు నేనే కోశాను.