కవల గ్లాసు

ఊళ్లో మందు తాగేవాళ్లకు కొదవలేదు గానీ, నోట్లో పోసుకున్న మందు ఉమ్మేసి బతికేవాడు మాత్రం ముక్కుగారని అందరూ పిలిచే ఆయనొక్కడే. విస్కీలు, బర్బన్లనే అమెరికా విస్కీలు రుచి చూసి పత్రికలో రాయడం ఆయన పని. ఆయన బాగుందంటే ఆ సీసా దుకాణంలో దొరికేది కాదు. బాలేదంటే కంపెనీవాళ్లు పళ్లు నూరుకునేవాళ్లే తప్ప, తప్పు రాశాడని మాత్రం ఎవరూ అనలేకపోయేవాళ్లు.

అందుకు కారణం ఆయన భార్య. చుక్క ముట్టని మనిషి. వంటింటి తలుపు చాటున ఒకేలాంటి గ్లాసుల్లో విస్కీలు పోసి, అడుగున పేరు చీటీలు అంటించి తెచ్చి పెట్టేది. వాటిలో ఏదో ఒక విస్కీని రెండు గ్లాసుల్లో పోసేది. దాన్ని వాళ్లు కవల అనేవాళ్లు. కవలలిద్దరికీ వేరువేరు మార్కులు పడ్డాయా, ఆ రోజు రాసిందంతా చెత్తబుట్ట పాలే. "ముందు నా ముక్కుకి పరీక్ష, తర్వాతే విస్కీకి" అని ఆయనే పెట్టుకున్న నియమం అది.

ఈమధ్య ఆయనకి గట్టి జ్వరమొచ్చి తగ్గింది. తగ్గాక ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి, ఆ వాసనకి పక్కింటివాళ్లు తలుపు కొట్టినా, ఈ పెద్దమనిషి పేపర్లోంచి తల ఎత్తలేదు. ఆమె అది గమనించింది. రుచి చూసే రోజున గ్లాసులన్నింట్లోనూ ఒకే బర్బన్ పోసి పెట్టింది.

ఆయన దర్జాగా గ్లాసు తిప్పాడు, వాసన చూశాడు, పుక్కిలించి ఉమ్మాడు, రాశాడు. ఒకదాంట్లో కాల్చిన చక్కెర అన్నాడు, ఇంకోదాంట్లో కమలాతొక్క. చివరిదాన్నైతే పీపాలోంచి తొందరపడి తీశారని చీవాట్లు కూడా పెట్టాడు.

ఆమె గ్లాసులు ఒక్కొక్కటే ఎత్తి అడుగు చూపించింది. అన్నింటికీ ఒకే పేరు. ఆయన పెన్ను కింద పెట్టాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"పాలు మాడిన రోజే."

"ఒక్క వాసనా రావట్లేదే. నాలిక మంట తప్ప ఏం తెలియట్లేదు. ఈ ముక్కు లేకపోతే నేనెవర్ని చెప్పు?"

"నా మొగుడు" అందామె. "కానీ ఈ రాత పంపించారంటే, ముక్కుగారన్న పేరు ఇవాళ్టితో సరి."

ఆయన కాగితాలు చింపేశాడు. ఎడిటరుకి ఫోన్ చేసి, ముక్కు పోయింది, ఎప్పుడొస్తుందో తెలియదు, ఆ పేజీ ఇంకెవరికైనా ఇచ్చుకోండి అని చెప్పేశాడు. చెప్పి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇన్నేళ్ల పేరు కదా, ప్రాణం విలవిల్లాడింది.

మర్నాటి నుంచి ఆమె కొత్త చదువు మొదలుపెట్టింది. పొద్దున్నే ఆయన కళ్లకు తువ్వాలు కట్టి, ముక్కు కింద గిన్నె పెట్టేది. ఒకరోజు లవంగాలు, ఒకరోజు కమలాతొక్క, ఒకరోజు కాఫీపొడి.

"ఏంటో చెప్పండి."

"గాలి."

రోజూ గాలే. ఓసారి ఆమె మనసు కష్టపెట్టలేక "లవంగం!" అని హుషారుగా అన్నాడు.

"ఖాళీ గిన్నె అది. మళ్లీ మొదలెట్టారా?" అందామె. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

వానాకాలం వచ్చింది. ఒక పొద్దున గిన్నె పెట్టగానే ఆయన కదలకుండా ఉండిపోయాడు.

"ఘాటుగా ఉంది. కర్పూరంలాగా."

ఆమె ఉసూరుమంది. "కాఫీపొడండీ."

"కాఫీ కాదే" అంటూ తడుముకుని ఆమె చెయ్యి పట్టుకుని ముక్కుకి ఆనించుకున్నాడు. "నొప్పుల మందు. నీ మణికట్టు మీద." తువ్వాలు లాగేశాడు. "ఎప్పట్నుంచి ఈ నొప్పి?"

"మీ జ్వరానికి చాలా ముందునుంచీ రాసుకుంటున్నా. ఆ గ్లాసులన్నీ వాటంతటవే కడుక్కుంటున్నాయనుకున్నారా?" అని దెప్పబోయింది గానీ, ముక్కు తిరిగొచ్చిందన్న సంతోషంతో ఏడుపొచ్చేసింది.

అల్మారా నిండా సీసాలున్నాయి. ఆయన అటు చూడనైనా లేదు. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని మెల్లగా ఒత్తుతూ కూర్చున్నాడు.

"ముక్కు బాగున్న రోజుల్లో నాకీ వాసన ఎందుకు తగల్లేదే?" అన్నాడు.